ఒక నక్షత్రమా, రెండు నక్షత్రాలా?

(పూర్వ విద్యార్థుల సంఘం స్వర్ణోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)

 

నిర్వాహకులు నన్ను అరగంట మాట్లాడమన్నారు. సివిల్ ఇంజనీరు కదా, ఏ వంతెన గురించో, కాలవ గురించో చెబుతాడని అనుకుని ఉంటారు. నేను ఎంచుకున్న విషయం వేరు. 1915లో ఫ్రాన్స్‌లో, మొదటి ప్రపంచ యుద్ధంలో చనిపోయిన ఒక బ్రిటిష్ కుర్ర అధికారి గురించి మాట్లాడతాను. అతని విషయంలో ప్రశ్నలు రెండు. చనిపోయిన రోజు అతని భుజం మీద ఒక నక్షత్రం ఉందా, రెండున్నాయా? ఇవాళ అతని పేరు చెక్కి ఉన్న సమాధిలో ఉన్నది అతనేనా?

ఎక్కడి ఫ్రాన్స్, ఎక్కడి మన ఊరు అంటారేమో. ఆ అధికారి పేరు జాన్ కిప్లింగ్. తండ్రి రడ్‌యార్డ్ కిప్లింగ్. మన ఇంగ్లీషు మాస్టార్లు తరగతిలో చెప్పిన పేరే. అడవిలో తోడేళ్ల మధ్య పెరిగిన మోగ్లీని సృష్టించినవాడు. 1865లో బొంబాయిలో పుట్టి, లాహోర్‌లో పత్రికలో పనిచేసి, 1907లో నోబెల్ బహుమతి అందుకున్నవాడు.

ఒక మాట ముందే చెప్పేస్తాను. ఈ కిప్లింగ్ మన పక్షం మనిషి కాడు. సామ్రాజ్యాన్ని నెత్తిన పెట్టుకున్నవాడు. జలియన్‌వాలాబాగ్ తర్వాత జనరల్ డయ్యర్ కోసం వసూలు చేసిన నిధికి చందా ఇచ్చినవాడు. అది మరిచిపోయి మాట్లాడటం లేదు. కానీ కొడుకు కనబడకుండా పోయిన తండ్రి ఎంత వెతుకుతాడో, కాగితాలు ఆ తండ్రికి ఎంత చెప్పాయో, ఎంత చెప్పలేకపోయాయో తెలుసుకోవడానికి ఇంతకు మించిన ఉదాహరణ నాకు దొరకలేదు.

జాన్ 1897 ఆగస్టు 17న పుట్టాడు. ఒక్కడే కొడుకు. ఇద్దరు అక్కల్లో పెద్దమ్మాయి చిన్నతనంలోనే పోయింది. జాన్‌కు చూపు చాలా తక్కువ, కళ్లద్దాలు లేకపోతే కష్టం. 1914 ఆగస్టులో యుద్ధం మొదలయ్యేసరికి అతనికి ఇంకా 17 నిండలేదు. సైన్యంలో చేరబోతే కంటిచూపు కారణంగా తీసుకోలేదు. అప్పుడు తండ్రి తన పలుకుబడి వాడాడు. పాత స్నేహితుడు లార్డ్ రాబర్ట్స్‌ను అడిగాడు. ఈ రాబర్ట్స్ ఒకప్పుడు మద్రాసు సైన్యానికి, ఆ తర్వాత మొత్తం భారత సైన్యానికి అధిపతిగా చేసినవాడు. అప్పటికి ఐరిష్ గార్డ్స్ రెజిమెంటుకు గౌరవ కర్నల్. ఆయన మాట మీద జాన్‌కు ఐరిష్ గార్డ్స్‌లో సెకండ్ లెఫ్టినెంట్ ఉద్యోగం వచ్చింది. రాబర్ట్స్ సొంత కొడుకు కూడా 1899లో దక్షిణాఫ్రికా యుద్ధంలోనే చనిపోయాడు. అయినా ఈ సిఫారసు చేశాడు. ఆ కాలపు పెద్దల ఆలోచన అలాంటిది.

మన దగ్గర కూడా సిఫారసు ఉత్తరాలు ఉంటాయి. ఫలానావారి అబ్బాయికి ఫలానా చోట ఉద్యోగం ఇప్పించమని. ఈ సిఫారసు యుద్ధానికి పంపించింది.

1915 ఆగస్టులో, సరిగ్గా 18 నిండే రోజుల్లో, జాన్ రెండో బెటాలియన్‌తో ఫ్రాన్స్ చేరాడు. ఆ బెటాలియన్ కొత్తగా కట్టినది. దానికి మొదటి యుద్ధం లూస్. ఉత్తర ఫ్రాన్స్‌లో లూస్ పరిసరాలు బొగ్గు గనుల ప్రాంతం. మన సింగరేణి వైపు తిరిగినవాళ్లకు ఊహించడం కష్టం కాదు: గనుల పైకట్టడాలు, మట్టిదిబ్బలు, కార్మికుల ఇళ్ల వరసలు, మధ్యలో చదునైన సున్నపురాతి నేల. సెప్టెంబరు 25న దాడి మొదలైంది. బ్రిటిష్ సైన్యం క్లోరిన్ విషవాయువును మొదటిసారి వాడింది అక్కడే. గాలి సరిగ్గా లేక కొన్నిచోట్ల ఆ వాయువు వాళ్ల మీదికే తిరిగొచ్చింది. అదే రోజు, కాస్త ఉత్తరాన, మన మీరట్ డివిజన్ సిపాయిలు కూడా దాడికి దిగారు.

సెప్టెంబరు 27 మధ్యాహ్నం ఐరిష్ గార్డ్స్ రెండో బెటాలియన్ వంతు వచ్చింది. చాక్ పిట్ వుడ్ అనే చిన్న తోపు, దాని పక్కన పుయి 14 బిస్ అనే గని. వాటి మీద దాడి. తోపు దాటి గని దగ్గరికి వెళ్లిన కొద్దిమందిలో జాన్ ఉన్నాడు. అక్కడి ఒక కట్టడం దగ్గర అతను గాయపడి పడిపోవడం చూశామని కొందరు చెప్పారు. కాసేపటికే ఆ చోటు మళ్లీ జర్మన్ల చేతిలోకి పోయింది. అంతే. 18 నిండి 41 రోజులు.

అక్టోబరు మొదట్లో ఇంటికి తంతి వచ్చింది. అందులో చనిపోయాడని లేదు. గాయపడ్డాడు, ఆచూకీ లేదు అని ఉంది. ఈ రెండు మాటలు కలిస్తే ఎంత ఆశ, ఎంత హింస! గాయపడ్డాడంటే బతికే ఉండొచ్చు. ఆచూకీ లేదంటే శత్రువుకు చిక్కి ఉండొచ్చు. చిక్కినవాడు ఎప్పటికైనా తిరిగి రావచ్చు. తల్లీతండ్రీ ఆస్పత్రుల చుట్టూ తిరిగారు. ఆ బెటాలియన్‌లో గాయపడి వచ్చిన సిపాయిలను ఒక్కొక్కరినీ కలిసి అడిగారు. జర్మన్ స్థావరాల మీద విమానాల నుంచి కరపత్రాలు వేయించారు, ఈ అబ్బాయి గురించి తెలిస్తే చెప్పండని.

సాక్షుల మాటలు ఒకదానితో ఒకటి కలవలేదు. యుద్ధంలో కలవవు. పొగ, చప్పుడు, భయం. పక్కవాడు ఎక్కడ పడ్డాడో చెప్పడమే కష్టం. కిప్లింగ్ స్నేహితుడైన రచయిత రైడర్ హగ్గార్డ్ ఒక సిపాయిని కలిశాడు. మూతి దగ్గర గాయంతో, బాధ తట్టుకోలేక ఏడుస్తున్న జాన్‌ను చూశానని ఆ సిపాయి చెప్పాడు. ఇది తండ్రికి ఎలా చెప్పడం? హగ్గార్డ్ చెప్పలేదు. తన డైరీలో రాసుకుని ఊరుకున్నాడు. పరిశోధన చేసేవాళ్లు ఇక్కడ ఒక సంగతి గమనించాలి. అన్నిటికంటే విలువైన సాక్ష్యం ఒక్కోసారి అందాల్సిన మనిషికి అందదు. అందకపోవడానికి కారణం దయ.

జాన్ చనిపోయాడని తల్లిదండ్రులు అధికారికంగా ఒప్పుకున్నది 1919లో. ఈలోగా, 1917లో, యుద్ధ సమాధుల కోసం ఒక కమిషన్ ఏర్పడింది. ఇవాళ్టి కామన్వెల్త్ వార్ గ్రేవ్స్ కమిషన్ అదే. కిప్లింగ్ ఆ కమిషన్‌లో చేరాడు. గుర్తు తెలియని సైనికుడి సమాధి మీద ఏం రాయాలన్న ప్రశ్న వస్తే, ఈ మనిషెవరో దేవుడికి తెలుసు అనే అర్థం వచ్చే మాటను ఎంచింది ఆయనే. లక్షల రాళ్ల మీద ఇవాళ్టికీ ఆ మాట ఉంది. తన కొడుకు కూడా ఏదో ఒక చోట ఆ మాట కింద ఉండి ఉంటాడని ఆయనకు తెలుసు.

ఆ రెజిమెంటు యుద్ధ చరిత్ర కూడా ఆయనే రాశాడు. 1923లో రెండు సంపుటాలుగా వచ్చింది. అందులో సెప్టెంబరు 27 గురించి రాసిన చోట మిగతా అధికారులతో పాటు జాన్ పేరు ఒక్క వాక్యంలో వస్తుంది. మా అబ్బాయి అని ఉండదు. హోదా, ఇంటిపేరు, గాయపడి ఆచూకీ లేకుండా పోయాడన్న ముక్క. అంతే ఉంటుంది. ఆ హోదా సెకండ్ లెఫ్టినెంట్ అని ఉంటుంది. ఈ మాట గుర్తు పెట్టుకోండి, మళ్లీ అవసరం పడుతుంది.

లూస్ దగ్గర సమాధి దొరకనివారి స్మారకం ఒకటి ఉంది. గోడల మీద 20 వేలకు పైగా పేర్లు. జాన్ పేరు అక్కడ చెక్కారు. 1936 జనవరిలో కిప్లింగ్ చనిపోయాడు. కొడుకు ఎక్కడున్నాడో ఆయనకు తెలియలేదు.

ఇక అసలు కథ. 1919లో, యుద్ధం ముగిశాక, పొలాల్లో, గుంతల్లో ఉన్న దేహాలను తీసి పెద్ద శ్మశానాలకు చేర్చే జట్లు పనిచేశాయి. అలా దొరికిన ఒక దేహం మీద ఐరిష్ గార్డ్స్ గుర్తులు, లెఫ్టినెంట్ హోదా గుర్తులు కనిపించాయి. పేరు తెలిపే బిళ్ల లేదు. జాన్ ఇంటికి రాసిన ఆఖరి రోజుల ఉత్తరాల్లో ఒకదానిలో, నా గుర్తింపు బిళ్ల పోయింది, కొత్తది పంపండి అని అడిగాడు. ఇది చదివినప్పుడు మనసు ఎలాగో అయిపోతుంది. ఆ దేహాన్ని సెయింట్ మేరీస్ ఏడీఎస్ శ్మశానంలో పూడ్చి, ఐరిష్ గార్డ్స్‌కు చెందిన ఒక లెఫ్టినెంట్ అని రాయి పెట్టారు. ఏడో ప్లాటు, డి వరస, రెండో సమాధి.

73 ఏళ్లు ఆ రాయి అలాగే ఉంది. 1992లో కమిషన్‌లో రికార్డులు చూసే ఒక అధికారి దీన్ని పట్టుకున్నాడు. ఆయన తర్కం సరళమైనది. దేహం ఐరిష్ గార్డ్స్‌ది. హోదా లెఫ్టినెంట్. ఆ ప్రాంతంలో ఆచూకీ లేకుండా పోయిన ఐరిష్ గార్డ్స్ లెఫ్టినెంట్లు ఎవరెవరు? జాబితా తీస్తే మిగిలేది ఒక్కడే, జాన్ కిప్లింగ్. రాయి మార్చారు. ఇప్పుడు దాని మీద లెఫ్టినెంట్ జాన్ కిప్లింగ్ అని ఉంది.

బాగానే ఉంది కదా? ఆరేళ్లకు అభ్యంతరం వచ్చింది. టోనీ హోల్ట్, వాల్మై హోల్ట్ అనే దంపతులు యుద్ధభూముల గురించి ఎన్నో పుస్తకాలు రాసినవాళ్లు. 1998లో జాన్ జీవితం మీద పుస్తకం తెచ్చారు. అందులో రెండు ప్రశ్నలు వేశారు. ఒకటి హోదా గురించి, రెండోది చోటు గురించి.

మొదటిది చూద్దాం. చనిపోయిన రోజు జాన్ సెకండ్ లెఫ్టినెంట్ అన్నది వాళ్ల వాదన. సెకండ్ లెఫ్టినెంట్‌కు ఒక నక్షత్రం, లెఫ్టినెంట్‌కు రెండు. జాన్‌కు పదోన్నతి వచ్చిన మాట నిజమే. లండన్ గెజిట్‌లో పడింది కూడా. ఎప్పుడు పడింది? 1915 నవంబరు 11న. అంటే అతను పడిపోయిన 45 రోజుల తర్వాత! కానీ ఆ ఉత్తర్వు జూన్ 7 నుంచి వర్తిస్తుందని ఉంది. అంటే దాదాపు నాలుగు నెలల ముందు నుంచి.

ఇక్కడ కూర్చున్న మాస్టార్లకు ఇది నేను వివరించక్కర్లేదు. రెట్రాస్పెక్టివ్ ఎఫెక్ట్, నోషనల్ ప్రమోషన్ అనే మాటలు మీకు నాకంటే బాగా తెలుసు. హెడ్‌మాస్టరుగా పదోన్నతి ఉత్తర్వు ఈ ఏడాది చేతికొస్తుంది, వర్తించేది రెండేళ్ల కిందటి తేదీ నుంచి. కాగితం ప్రకారం ఆ రెండేళ్లూ మీరు హెడ్‌మాస్టరే. కానీ ఆ రెండేళ్లలో తీసిన ఏ ఫొటో చూసినా మీరు సుద్దముక్క పట్టుకుని తరగతిలోనే కనిపిస్తారు. జాన్‌ది అదే పరిస్థితి. రికార్డు ప్రకారం ఆ రోజు అతను లెఫ్టినెంట్. భుజం మీద ఏముందో వేరే సంగతి.

దీన్ని ఇంకొంచెం విడదీసి చూస్తే అసలు చిక్కు కనిపిస్తుంది. 1919లో దేహాన్ని తీసినవాళ్లు లెఫ్టినెంట్ అని రాసింది బట్టల మీద ఉన్న గుర్తు చూసి. 1992లో అధికారి లెఫ్టినెంట్ అని వెతికింది రికార్డులో ఉన్న హోదా చూసి. మాట ఒకటే, కొలతలు రెండు. ఒకటి ఆ రోజు ఒంటి మీద ఉన్నది, రెండోది తర్వాత వచ్చిన కాగితం వెనక్కి తీసుకెళ్లి ఇచ్చినది. మా వృత్తిలోనూ ఇదే గొడవ. గీసిన డ్రాయింగులో ఒకటి ఉంటుంది, కట్టింది ఒకటి ఉంటుంది. రెండిటికీ పేరు ఒకటే. ఏది చూసి మాట్లాడుతున్నామో చెప్పకపోతే వాదన ఎన్నేళ్లయినా తెగదు.

మరి గెజిట్ రాకముందే జాన్ రెండో నక్షత్రం పెట్టుకుని ఉండొచ్చా? ఉండొచ్చు. యుద్ధకాలంలో గెజిట్ ఆలస్యంగా పడేది, పదోన్నతి సంగతి బెటాలియన్‌కు ముందే తెలిసే వీలుంది. ఇది కాదనలేని అవకాశం. కానీ అవకాశం వేరు, రుజువు వేరు. తండ్రి రాసిన చరిత్రలో సెకండ్ లెఫ్టినెంట్ అని ఉందన్నాను కదా, అది హోల్ట్ దంపతుల వైపు మొగ్గుతుంది. కాబట్టి ఒక్క నక్షత్రాల లెక్కతోనే తీర్పు చెప్పలేం.

రెండో అభ్యంతరం చోటు గురించి. ఇది నాకు మరీ ఇష్టమైన భాగం, ఎందుకంటే ఇందులో మ్యాపు ఉంది. దేహాలు తీసిన జట్లు ప్రతిదానికీ ఒక పట్టిక నింపేవి. ఏ చోట దొరికింది, అక్కడ కొయ్య శిలువ ఉందా, ఏ రెజిమెంటు, దేని వల్ల గుర్తుపట్టారు. ఆ పట్టికలు ఇవాళ కమిషన్ వెబ్‌సైటులో ఎవరైనా చూడొచ్చు. ఈ దేహం దొరికిన చోటు జి 25 సి 6.8 అని రాసి ఉంది.

ఈ అంకెల అర్థం చెబుతాను. బ్రిటిష్ సైన్యం వాడిన ట్రెంచ్ మ్యాపుల్లో ప్రతి షీటునూ ఇంగ్లీషు అక్షరాలు పెట్టిన పెద్ద గళ్లుగా విడగొట్టారు. అక్షరాలు పడమటి నుంచి తూర్పుకు వరసగా నడుస్తాయి. జి పక్కన తూర్పున హెచ్. ఒక్కో పెద్ద గడి వెడల్పు 6,000 గజాలు. దాన్ని మళ్లీ 1,000 గజాల చదరాలుగా చేసి ఒకటి నుంచి అంకెలు వేశారు. ఆ చదరాన్ని నాలుగు చేసి ఎ, బి, సి, డి అన్నారు. చివరి రెండు అంకెలు ఆ నాలుగో వంతులో తూర్పుకు పదింట ఎన్ని వంతులు, ఉత్తరానికి ఎన్ని వంతులు అని. అంటే జి 25 సి 6.8 అని చెబితే 50 గజాల్లోపు చోటు దొరికిపోతుంది. ఆ కాలానికి గొప్ప పద్ధతి.

జి 25 ఎక్కడుంది? ఐరిష్ గార్డ్స్ దాడి చేసిన చాక్ పిట్ వుడ్‌కు పడమరగా ఇంచుమించు ఐదున్నర కిలోమీటర్లు. బ్రిటిష్ దళాలు పడమటి నుంచి తూర్పుకు దాడి చేశాయి. శత్రువు ముందు పడిపోయినవాడు వెనక్కి ఐదున్నర కిలోమీటర్లు ఎలా వస్తాడు? అందుకే హోల్ట్ దంపతులు ఇది జాన్ కాదన్నారు. మరి ఎవరు? లండన్ ఐరిష్ రైఫిల్స్ అనే మరో రెజిమెంటు కూడా లూస్‌లో పోరాడింది. దాడికి వెళ్తూ ఫుట్‌బాల్ తన్నుకుంటూ వెళ్లారని పేరు పడిన రెజిమెంటు. అందులో ఆర్థర్ జేకబ్ అనే లెఫ్టినెంట్ ఉన్నాడు. ఇది ఆయన కావచ్చు అన్నారు. రెండు పేర్లలోనూ ఐరిష్ అనే మాట ఉంది కదా, 1919లో దేహం తీసినవాళ్లు పొరబడి ఉండొచ్చని.

వాదన బలంగానే ఉంది. కమిషన్ మాత్రం తన నిర్ణయం మార్చలేదు. పత్రికల్లో, పుస్తకాల్లో చర్చ నడుస్తూనే వచ్చింది. 2016లో గ్రహం పార్కర్, జోఆనా లెగ్ అనే ఇద్దరు పరిశోధకులు కొత్త సమాధానం తెచ్చారు. వాళ్లు జాన్ ఒక్కడి కాగితంతో ఆగలేదు. ఆ నాటి సమాధుల రికార్డులను ఒకదానితో ఒకటి సరిచూశారు. తేలింది ఏమిటంటే, జి 25 అన్నది రాతలో జరిగిన తప్పు. ఉండాల్సింది హెచ్ 25. మిగతా అంకెలన్నీ సరే, అక్షరం ఒక్కటి మారింది.

ఇప్పుడు మ్యాపు చూడండి. జి నుంచి హెచ్‌కు వెళ్తే తూర్పుకు సరిగ్గా ఒక పెద్ద గడి, 6,000 గజాలు. హెచ్ 25 ఎక్కడ పడుతుందో తెలుసా? చాక్ పిట్ వుడ్ దగ్గర. జాన్ బెటాలియన్ దాడి చేసిన నేల మీద! ఒక గుమస్తా చెయ్యి ఒక అక్షరం దగ్గర తడబడితే ఒక కుర్రాడు ఐదున్నర కిలోమీటర్లు జరిగిపోయాడు.

నా ఆలోచన చెబుతాను. చోటు సరిపోయాక మొగ్గు జాన్ వైపే ఎక్కువ. దేహం ఐరిష్ గార్డ్స్ పోరాడిన చోటే దొరికితే, లూస్‌లో వేరే చోట పోరాడిన లండన్ ఐరిష్ అధికారిని ఊహించాల్సిన అవసరం పోతుంది. అలాగని నక్షత్రాల ప్రశ్న పూర్తిగా తీరిపోలేదు. డీఎన్‌ఏ పరీక్ష చేయొచ్చు కదా అంటారు. గుర్తింపు కోసమని ఉన్న సమాధిని తవ్వడానికి కమిషన్ ఒప్పుకోదు. పడుకున్నవాణ్ని లేపకూడదన్నది వాళ్ల నియమం. నాకూ అదే సబబనిపిస్తుంది. కాబట్టి మనకున్నవి కాగితాలే. కాగితాలు నూటికి నూరు చెప్పవు. ఇంతవరకు తెలుసు, ఇక్కడి నుంచి అంచనా అని గీత గీసి చెప్పగలిగితే చాలు.

ఇక నన్ను నిద్రపోనివ్వని ఇంకో సంగతి. ఒక్క లెఫ్టినెంట్ భుజం మీద నక్షత్రం కోసం ఇంత వెతికారు, ఇన్ని పుస్తకాలు వచ్చాయి. తండ్రి ప్రపంచ ప్రసిద్ధుడు కాబట్టి. అధికారి కాబట్టి. తెల్లవాడు కాబట్టి. మరి మనవాళ్లు?

లూస్‌కు ఉత్తరాన నూవ్ షపెల్ అనే చోట భారతీయుల స్మారకం ఉంది. సమాధి దొరకని 4,700 మందికి పైగా మన సిపాయిలు, కూలీల పేర్లు అక్కడ ఉన్నాయి. 1927లో దాన్ని ఆవిష్కరించినప్పుడు కిప్లింగ్ వచ్చి మాట్లాడాడు. అక్కడ కనీసం పేర్లున్నాయి. ఇరాక్‌లోని బాస్రా స్మారకం దగ్గరికి వెళ్తే అదీ లేదు. బ్రిటిష్ సైనికుల పేర్లు, భారతీయ అధికారుల పేర్లు రాతి మీద చెక్కారు. మామూలు భారతీయ సిపాయిల విషయంలో రెజిమెంటు పేరు రాసి, కింద ఎంతమందో సంఖ్య వేశారు. మెసొపొటేమియాలో మద్రాసు శాపర్స్ కూడా పనిచేశారన్నది గుర్తు పెట్టుకుంటే ఆ సంఖ్య మనకు పరాయిది కాదని అర్థమవుతుంది.

2021లో కమిషన్ తానే ఒక నివేదిక బయటపెట్టింది. మొదటి ప్రపంచ యుద్ధంలో చనిపోయిన ఆసియా, ఆఫ్రికా వాళ్లలో 45 వేల నుంచి 54 వేల మందిని మిగతావారితో సమానంగా స్మరించలేదని ఒప్పుకుంది. ఇంకో 1,16,000 మందిని, బహుశా 3,50,000 దాకా, పేరుతో స్మరించలేదు, లేదా అసలే స్మరించలేదని చెప్పింది. హోదా తేడా లేకుండా అందరికీ ఒకే రకం రాయి అన్నది ఆ సంస్థ మూలసూత్రం. ఆ సూత్రం సముద్రం దాటేసరికి పలచబడింది. క్షమాపణ కూడా చెప్పింది.

అందుకే జాన్ కథ చదివి కిప్లింగ్ మీద జాలిపడి ఊరుకోవడం నాకు చాలదనిపించింది. ఆ పద్ధతి నేర్చుకుని మనకోసం వాడుకోవాలి. మన ఊళ్లలో యుద్ధానికి వెళ్లినవాళ్లు లేరనుకోకండి. తాడేపల్లిగూడెం దగ్గర ఒక ఊరి పేరే మిలిటరీ మాధవరం. రెండు ప్రపంచ యుద్ధాలకూ మనుషుల్ని పంపిన ఊరు. మీ ఇంట్లో ముత్తాతో, తాతగారి అన్నో యుద్ధానికెళ్లి తిరిగి రాలేదన్న మాట ఉంటే, దాన్ని మాటగానే వదిలేయకండి. పతకం ఉంటే దాని అంచు మీద చూడండి, నంబరు, పేరు, రెజిమెంటు చెక్కి ఉండొచ్చు. పింఛను కాగితాలు, పాత ఉత్తరాల కవర్లు దాచండి. కమిషన్ వెబ్‌సైటులో పేరు వెతకండి. వెతికేటప్పుడు ఇంగ్లీషు గుమస్తాలు మన పేర్లు ఎన్ని రకాలుగా రాసి ఉంటారో అన్ని రకాలుగా వెతకండి. వెంకటస్వామి ఒక్కడే పది స్పెల్లింగుల్లో కనిపిస్తాడు. పంజాబ్ సైనికుల పేర్లున్న రిజిస్టర్లు లాహోర్ మ్యూజియంలో దశాబ్దాలు మూలన పడి ఉన్నాయి. 2021లో వాటిని కంప్యూటర్లోకి ఎక్కించి అందరి ముందూ పెట్టడం మొదలుపెట్టారు. సుమారు 3,20,000 మంది వివరాలు. ఎన్ని కుటుంబాలకు తమ మనిషి దొరికి ఉంటాడో!

చివరగా మన బడి సంగతి. మనందరికీ రెండేసి పుట్టినరోజులు ఉన్నాయి. ఒకటి అమ్మ చెప్పేది, రెండోది బడిలో చేర్చిన రోజు మాస్టారు వేసినది. ఉద్యోగం, పదవీ విరమణ, పింఛను అన్నీ ఆ రెండో తేదీ మీదే నడిచాయి. రిజిస్టరులో ఒక్క గీతకు ఎంత బరువుందో ఇంతకంటే సాక్ష్యం అక్కర్లేదు.

50 ఏళ్ల కాగితాలు మన బడి బీరువాల్లో ఉన్నాయి. అడ్మిషన్ రిజిస్టర్లు, హాజరు పట్టీలు, గ్రూపు ఫొటోలు. కొన్ని చెదలు తిన్నాయని విన్నాను. మొదటి బ్యాచ్‌ల ఫొటోల్లో వెనక వరసలో నిలబడిన కుర్రాళ్లలో కొందరి పేర్లు ఎవరూ చెప్పలేకపోతున్నారు. చెప్పగలిగిన మాస్టార్లు ఇవాళ ఈ వేదిక మీద ఉన్నారు. వాళ్లు ఉండగానే అడగాలి.

సంఘానికి నా విన్నపం మూడు ముక్కల్లో చెబుతాను. రిజిస్టర్ల ప్రతి పేజీనీ ఫొటో తీసి భద్రపరుద్దాం. ప్రతి గ్రూపు ఫొటో వెనక వరస వారీగా పేర్లు రాద్దాం. ప్రతి పేరు పక్కన ఎవరు చెప్పారు, ఏ రోజు చెప్పారు అని రాద్దాం. అనుమానం ఉన్నచోట అనుమానమనే రాద్దాం. మూడోది ముఖ్యం. 1919లో ఆ పట్టిక నింపిన మనిషి అంత బురదలో, అంత దుర్గంధంలో కూడా కాలమ్‌లన్నీ నింపాడు. ఒక అక్షరం తప్పు పడింది నిజమే. కానీ మిగతావన్నీ నింపాడు కాబట్టే దాదాపు వందేళ్ల తర్వాత ఎవరో ఆ తప్పు పట్టుకోగలిగారు. ఖాళీగా వదిలేసిన పట్టికలో దిద్దడానికి ఏమీ ఉండదు.

ఫొటోల పని మొదలుపెట్టడానికి నా పేరు రాసుకోండి. ఈ మధ్యాహ్నం భోజనాల తర్వాత పాత స్టాఫ్ రూములో కూర్చుందాం. మాస్టార్లు దయచేసి కళ్లజోళ్లు మరిచిపోకండి.